బంగాళాఖాతం తుపానులు, హిమాలయాల మంచు చరియలు

బంగాళాఖాతంలో పుట్టి ఆంధ్ర, ఒడిశా తీరాలు దాటిన తుపానుల్లో కొన్ని అక్కడితో ఆగవు. ఉత్తరాదికి సాగి హిమాలయాల మీద విపరీతంగా మంచు కురిపిస్తాయి. ఆ బరువుకు చరియలు విరిగిపడతాయి. పల్నాడులోని గురజాల వంటి సున్నపురాతి నేలల్లో మంచు చరియ ఊహకైనా అందదు. పల్నాడు రైతుకు అక్టోబరు తుపానంటే తీతకొచ్చిన పత్తి తడిసి ముద్దవడం, మిరప చేలో నీరు నిలవడం. అదే గాలిలోని తేమ ఒకటి రెండు రోజులకే ఎత్తైన కనుమల్లో మనుషుల ప్రాణం తీస్తుందని 1995లో ఒకసారి, 2014లో మరోసారి రుజువైంది.

1995 నవంబరు 9న ఒక తీవ్ర తుపాను ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ప్రాంతంలో తీరం దాటింది. ఎవరెస్టు పరిసరాల్లో నవంబరు సాధారణంగా ఆకాశం తేటగా ఉండే నెల. నడకదారులు యాత్రికులతో నిండి ఉంటాయి. తుపాను శేషం అక్కడికి చేరి ఎడతెరిపి లేకుండా మంచు కురిపించింది. గోక్యో లోయలోని పాంగా మజిలీ మీద చరియ పడి, అక్కడ బసచేసిన 13 మంది జపాన్ ట్రెక్కర్లు, వారి వెంట వచ్చిన నేపాలీలు మరణించారు.

హుద్‌హుద్ తుపాను కథ తెలుగువారికి సగమే తెలుసు. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, విమానాశ్రయం పైకప్పు ధ్వంసమైంది. నగరం చీకట్లో మునిగింది. తుపాను ఛత్తీస్‌గఢ్ మీదుగా వెళ్తూ వాయుగుండంగా బలహీనపడింది. మన పత్రికల్లో తుపాను వార్త ఇక్కడ ముగిసింది. అక్టోబరు 14న, విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతాన్ని మంచు తుపాను ముంచెత్తింది.

ఆ ఉదయం వందలాది మంది 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటే దారిలో ఉన్నారు. కనుమకు అవతల దిగితే ముక్తినాథ్. తెలుగు వైష్ణవులు సాలగ్రామ క్షేత్రంగా కొలిచే చోటు అదే. కొద్ది గంటల్లోనే నడుములు దాటి మంచు పేరుకుంది. దారి కనపడలేదు. కొందరు చరియల కింద పడ్డారు, ఎందరో దారితప్పి చలికి కొయ్యబారిపోయారు. ధవళగిరి బేస్ క్యాంపు దగ్గర మరో చరియ స్లొవాకియా పర్వతారోహకులను, వారి నేపాలీ సహాయకులను బలిగొంది. మొత్తం మీద కనీసం 43 మంది చనిపోయారు. 500 మందికి పైగా జనాన్ని కాపాడారు. నేపాల్ ట్రెక్కింగ్ చరిత్రలో అంత పెద్ద విషాదం అంతకుముందు లేదు. తుపాను వస్తున్న సంగతి వాతావరణ శాఖలకు ముందే తెలుసు; ఆ కబురు కాలిబాట మీదున్న వారికి అందలేదు. ఈ మరణాల్లో మనసును ఎక్కువగా కలచివేసేది అదే.

తీరం దాటాక తుపాను బలహీనపడిందంటారు. తగ్గేది గాలి వేగం. సముద్రం నుంచి మోసుకొచ్చిన తేమ అంత త్వరగా తరగదు. ఉత్తరాన పడమటి గాలుల ద్రోణి ఎదురైతే ఆ తేమను కొండల వైపు లాగుతుంది. కొండవాలు దాన్ని పైకి ఎత్తుతుంది, చల్లబడి మంచుగా రాలుతుంది.

గట్టి చలిలో పడే మంచు పొడిగా, తేలికగా ఉంటుంది. వెచ్చని తుపానులో పడేది తడిగా, బరువుగా ఉంటుంది. మొదట చల్లగా మొదలై మధ్యలో వేడి పెరిగితే దూది మూటల మీద మిర్చి బస్తాలు పేర్చినట్టు అవుతుంది: అడుగున బలం లేని పొర, పైన భారం. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆ భారం ఒక్కసారిగా జారుతుంది. మంచు వానగా మారితే నీరు లోపలికి ఇంకి రేణువుల మధ్య పట్టు సడలుతుంది. అందుకే మంచు పడుతున్నంతసేపూ, ఆగాక మరో ఒకటి రెండు రోజులూ వాలు కింద నడవడం ప్రాణాంతకం. ఆకాశం విప్పారింది కదా అని బయలుదేరడం చాలామందిని ముంచింది. చరియ కింద కూరుకుపోయిన వారిలో మొదటి పావుగంటలో బయటికి తీసినవారు ఎక్కువగా బతుకుతారు. అరగంట దాటితే ఊపిరాడక ఆశ సన్నగిల్లుతుంది. పక్కనున్న వారే తవ్వాలి, బయటి నుంచి సాయం వచ్చేంత సమయం ఉండదు.

భారతదేశంలో మంచు చరియల శాస్త్రానికి పునాది మనాలీలో పడింది. అక్కడ 1969లో ఏర్పడిన మంచు, చరియల పరిశోధన సంస్థ రక్షణ పరిశోధన విభాగం కింద సైనికుల కోసం చరియల సూచనలు ఇస్తూ వచ్చింది. 2020లో దాన్ని మరో సంస్థతో కలిపి కొత్త సంస్థగా మార్చారు.

2025లోనూ ఇలాంటిదే జరిగింది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది, పల్నాడు మీదా వాన కురిపించింది. ఆ వారం నేపాల్ ఎత్తుల్లో భారీగా మంచు పడింది. నవంబరు 3న దోలఖా జిల్లాలోని యాలుంగ్ రి శిఖరం దగ్గర చరియ విరిగి ఏడుగురు చనిపోయారు.