నామినేషను బల్ల: శాసనసభాభ్యర్థిత్వపు పూర్వాపరములు

1951వ సంవత్సరాంతమున, స్వతంత్ర భారతదేశపు ప్రథమ సార్వత్రిక నిర్వాచనములకు సన్నాహములు జరుగుచుండగా, నాటి మదరాసు రాష్ట్రమునందలి సేలము జిల్లాలో నామక్కల్ నియోజకవర్గమునుండి శాసనసభకు పోటీచేయ నెంచిన పొన్నుస్వామి యనునాతని నామినేషను పత్రమును రిటర్నింగు అధికారి పరిశీలనదినమున త్రోసిపుచ్చెను. ఆతడు మదరాసు హైకోర్టు నాశ్రయించెను. అచ్చట ప్రార్థన నెగ్గకపోగా సుప్రీముకోర్టువఱకు పోయెను. రాజ్యాంగము అమలునకు వచ్చి యింకను రెండేండ్లు నిండలేదు. 1952 జనవరి 21వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన తీర్పు నేటికిని మన నిర్వాచనన్యాయమునకు మూలకందమై నిలిచియున్నది. ఎన్నిక యనగా ప్రజలు వోటువేయు నొక్కదినము కాదనియు, ప్రకటన వెలువడినది మొదలు విజేత పేరు చాటువఱకు నడచు సమస్తప్రక్రియయు ఎన్నికయే యనియు, రాజ్యాంగపు 329వ అధికరణము ననుసరించి ఆ నడుమ న్యాయస్థానములు చేయి పెట్టరాదనియు, అన్యాయము జరిగినదనుకొన్నవాడు ఎన్నిక ముగిసిన పిమ్మట పిటిషను వేసికొనవలసినదే యనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి.

తీర్పునకు బలమైన హేతువు లేకపోలేదు. త్రోసివేయబడిన ప్రతి పత్రమునకును ఒక్కొక్క వ్యాజ్యము లేచి పోలింగునే యాపివేయుచో, శాసనసభ ఏర్పడుటయే దుర్ఘటమగును. కాని దాని పర్యవసాన మేమనగా, పరిశీలనదినమున ఆ బల్లకడ కూర్చుండు నధికారి యొక్కడు వేయు సంతకము, లక్షమంది వోటర్లు వోటు వేయుటకు ముందే వారి యెదుట నుండు పేర్ల నిర్ణయించివేయుచున్నది. గెలుపోటముల చరిత్రను మనవారు విస్తారముగా వ్రాసిరి. ఎవడు పోటీచేయుటకు అర్హుడన్న చరిత్ర మాత్రము గెజెట్టు పుటలలోనే మిగిలిపోయినది. నా దృష్టిలో ప్రజాస్వామ్యపు ఔదార్యమును కొలుచుటకు రెండవదియే మేలైన సాధనము.

తెలుగుజిల్లాలకు సంబంధించినంతవఱకు ఈ చరిత్ర మదరాసు రాజధానితో మొదలగును. 1909వ సంవత్సరపు చట్టమువలన కౌన్సిళ్లలో ఎన్నికైన సభ్యులకు చోటు దొరకెను గాని, వారి నెన్నుకొన్నది ప్రజలు గారు. పురపాలకసంఘములు, జిల్లాబోర్డులు, జమీందారులు, విశ్వవిద్యాలయము. 1919వ సంవత్సరపు చట్టము ననుసరించి 1920లో జరిగిన ఎన్నికలలో రైతుకు, వర్తకునికి ప్రత్యక్షముగా వోటు వచ్చినది. అదియును ఆస్తి, పన్ను ఉన్నవారికే. కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరింపగా జస్టిస్ పార్టీవారు అధికారమునకు వచ్చిరి. 1921 మొదలు 1926 వఱకు తెలుగువాడైన పానుగంటి రామారాయణింగారు, పానగల్లు రాజాగా ప్రసిద్ధులు, మొదటిమంత్రిగా నుండిరి.

ఆనాటి నిబంధనలు స్త్రీలను వోటునకును అభ్యర్థిత్వమునకును కూడ దూరముగా నుంచినవి. 1921లో మదరాసు కౌన్సిలు తీర్మానించి, బ్రిటిషిండియా రాజధానులలో ప్రథమముగా స్త్రీలకు వోటు నిచ్చినది. అయినను వోటు వేయు హక్కునకును నిలుచు హక్కునకును నడుమ ఇంకను అయిదేండ్ల అగడ్త మిగిలియుండెను. 1926లో ఆ నిషేధము తొలగగానే కమలాదేవీ చట్టోపాధ్యాయ మంగుళూరు ప్రాంతమునుండి మదరాసు కౌన్సిలునకు నిలిచి అతిస్వల్పమైన తేడాతో ఓడిపోయెను. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి మరుసటి సంవత్సరము కౌన్సిలులో ప్రవేశించినది గాని, అది ప్రభుత్వము చేసిన నియామకమువలన. స్త్రీని సభలో కూర్చుండబెట్టుటకు ప్రభుత్వమునకు అభ్యంతరము లేకుండెను. ఆమె తనంత తాను వచ్చి పురుషునితో సమానముగా పోటీకి నిలుచుటయే నిబంధనలకు మింగుడుపడని సంగతి. ఈ రెంటికిని గల భేదమును గ్రహించినగాని అభ్యర్థిత్వమనునది యెంత విలువైన హక్కో మనకు తెలియదు.

1935వ సంవత్సరపు చట్టమునుండి మనము నేటికిని మోయుచున్న వారసత్వము తక్కువది కాదు. శాసనసభకు ఇరువదియైదేండ్లు, ఎగువసభకు ముప్పదియేండ్లు అను వయోనియమము ఆ చట్టమునందున్నదే. రాజ్యాంగనిర్మాతలు దానిని యథాతథముగా 173వ అధికరణములోనికి తీసికొనిరి. రెండేండ్లకు తక్కువకాని కారాగారశిక్ష పొందినవాడు విడుదలైన పిమ్మట అయిదేండ్లు గడచువఱకు అనర్హుడను నియమమును అందున్నదే. దొంగతనమునకు పోయినవానికిని ఉప్పు వండి పోయినవానికిని జైలు ఒక్కటే యైన దినములలో ఈ నియమ మెవరిపై పడినదో వేరుగ చెప్పనక్కఱలేదు. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్యచట్టము ఆ రెండేండ్ల కొలతను నిలుపుకొన్నది. నేడు విడుదలానంతరము ఆఱేండ్ల నిషేధముగా అది కొనసాగుచున్నది. పరప్రభుత్వము చేతిలో దేశభక్తులకు అడ్డైన నియమము, స్వపరిపాలనలో నేరగాండ్రకు అడ్డు కావలసిన నియమముగా మాఱినది. రెండేండ్ల యంకె మాఱలేదు, దాని న్యాయ్యత మాఱినది.

1935వ సంవత్సరపు చట్టముక్రింద మఱియొక విచిత్రమైన వడపోత యుండెను. 1932వ సంవత్సరపు పూనా ఒడంబడికవలన మదరాసునకు వచ్చిన ముప్పది రిజర్వు స్థానములలో, దళితవర్గముల అభ్యర్థులు నలుగురికి మించినచో, మొదట ఆ వర్గముల వోటర్లు మాత్రమే పాల్గొను ప్రాథమికపు టెన్నిక జరిగి, అందు ఎక్కువ వోట్లు వచ్చిన నలుగురు మాత్రమే అందఱు వోటువేయు ఎన్నికలో నిలువవలెను. పార్టీ నాయకులు గాక వోటర్లే అభ్యర్థులను ఏర్చి సాధారణ ఎన్నికకు పంపు పద్ధతి మనదేశమున చట్టముచే నడచినది, నే నెఱిగినంతలో, ఇదియొక్కటే. పేదలలో పేదలైనవారు ఒక్క స్థానమునకై రెండుమార్లు ఎన్నికల ఖర్చు భరింపవలసివచ్చుట దానిలోని దోషము. తమ ప్రతినిధి యెవడో తామే మొదట చెప్పగలుగుట దానిలోని గుణము. రాజ్యాంగము వచ్చిన పిదప గుణదోషములు రెండును పోయినవి.

1937లో మదరాసు శాసనసభకు జరిగిన ఎన్నికలలో 215 స్థానములకు 159 కాంగ్రెసు గెలుచుకొన్నది. జస్టిస్ పార్టీ నాయకులైన బొబ్బిలి రాజాగారిని ఆయన సొంతగడ్డమీదనే వరాహగిరి వేంకటగిరిగారు ఓడించుట ఆనాటి మహాసంచలనము. ఆ ఎన్నికలలో ‘పసుపుపెట్టె’ యన్న మాట ఊరూర మారుమ్రోగెను. అక్షరము రానివారు గుర్తుపట్టుటకై పెట్టెలకు రంగులు వేయుచుండిరి. కాంగ్రెసు పెట్టె రంగు పసుపు.

స్వతంత్రభారతమున వయోజనులందఱకు వోటు రాగా రంగులకు బదులు బొమ్మలు వచ్చినవి. 1952లో ప్రథమ నిర్వాచనాధ్యక్షుడు సుకుమార్ సేన్ నడపిన ఎన్నికలలో ప్రతి అభ్యర్థికిని వేరువేరుగా పెట్టె యుండెను. పెట్టెమీద కాడెద్దులో, కంకికొడవలియో, గుడిసెయో అంటింపబడియుండెను. వోటరునకిచ్చు చీటిపై ఏ పేరును లేదు. కావున ఆనాడు అభ్యర్థి యగుట యనగా చీటిమీద పేరెక్కుట కాదు, పోలింగు గదిలో తనకంటూ ఒక పెట్టె యుండుట. పదుగురు నిలిచినచో ప్రతి కేంద్రమునకును పది పెట్టెలు మోయింపవలెను. పేర్లును గుర్తులును ఒక్క చీటిపై అచ్చువేసి ముద్రవేయించు పద్ధతి 1962 సాధారణ ఎన్నికలనాటికి స్థిరపడినది. అప్పటినుండియే తెలుగునాట అభ్యర్థులు అక్షరక్రమములో ఒకరిక్రింద నొకరు కాగితముపై నిలుచుట.

1951వ సంవత్సరపు చట్టము పెట్టిన నియమములు మొత్తముమీద ఉదారములనియే చెప్పవలెను. శాసనసభకు నిలుచువాడు ఆ రాష్ట్రములో ఏదేనొక నియోజకవర్గమున వోటరై యున్న చాలును. నిలుచు ఊరిలోనే కాపుర ముండవలసిన పనిలేదు. చదువు అక్కఱలేదు, ఆస్తి అక్కఱలేదు. అక్షరాస్యులు అత్యల్పముగా నున్న దేశములో చదువును అర్హతగా పెట్టకుండుట సాహసమే. ఆ సాహసమునకు నేను చేయెత్తి నమస్కరింతును. ధరావతు శాసనసభకు 250 రూపాయలు, లోకసభకు 500. షెడ్యూల్డు కులములకు, తెగలకు అందు సగము. మొదట ప్రతిపాదకు డొకడు, బలపఱచువా డొకడు సంతకములు చేయవలసియుండెను. 1956లో రెండవవాని నెత్తివేసిరి. పార్టీ పేరు నిషిద్ధమైనను మనుష్యులకు త్రోవ మూయబడలేదు. హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధ ముండగా ఆ పక్షమువారు ప్రజాస్వామ్య ఫ్రంటు పేరిట నిలిచిరి. రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి లోకసభకు పోటీచేసి నెహ్రూగారికంటెను అధికముగా వోట్లు పొందిరి.

నియమము న్యాయమైనదే యైనను ఫలిత మొక్కొకప్పుడు విస్మయము గొలుపును. ఆ తొలి సంవత్సరములలో కొన్ని నియోజకవర్గములకు ఇద్దరు సభ్యులు, అందొకటి రిజర్వు స్థానము. 1957లో పార్వతీపురము లోకసభ స్థానమున షెడ్యూల్డు తెగల అభ్యర్థు లిద్దఱును గిరిగారికంటె ఎక్కువ వోట్లు పొందగా, రిజర్వు స్థాన మొకరికి పోయిన పిదప సాధారణ స్థానము కూడ రెండవవారగు సూరిదొరగారికే దక్కినది. గిరిగారు సుప్రీముకోర్టువఱకు పోయిరి. రిజర్వు స్థానమునకు నిలిచినవాడు సాధారణ స్థానమునకును అర్హుడే యని 1959లో తీర్పు వచ్చినది. రాజకీయముగా గిరిగారికి కష్టము కలిగినను, కొండవాసికి సాధారణ స్థానము నిషిద్ధము కాదని తేలుట గొప్ప విషయము. ద్విసభ్య నియోజకవర్గములను 1961లో రద్దుచేసిరి.

పరిశీలనయొక్క తీరు కొంత చెప్పవలసియున్నది. ప్రకటన వెలువడిన ఏడవ దినమునకు నామినేషనుల గడువు ముగియును. పగలు పదునొకండు మొదలు మూడు గంటలవఱకు స్వీకరింతురు. మఱునాడు పరిశీలన, ఆపై రెండు దినములు ఉపసంహరణకు. స్వల్పమైన లోపములకు పత్రమును త్రోయరాదని చట్టమే స్పష్టముగా చెప్పుచున్నది. వోటరుజాబితాలో పేరు కొంచెము తప్పుగా పడినను, సంఖ్య తాఱుమాఱైనను అభ్యర్థిత్వము చెడదు. కాని 1963లో రాజ్యాంగపు పదునాఱవ సవరణతో వచ్చిన ప్రమాణము మఱచినవానికి క్షమ లేదు. పరిశీలనకు ముందే చేసి తీఱవలెను. లాభదాయకపదవి యున్నవానికిని, ప్రభుత్వముతో కాంట్రాక్టు నడచుచున్నవానికిని అంతే. అందువలననే అనుభవజ్ఞులు ఒక్కొక్కరు నాలుగేసి పత్రములు వేయుదురు. పార్టీవారు డమ్మీ అభ్యర్థిని కూడ వెంట తెత్తురు.

పార్టీ టికెట్టు పుచ్చుకొన్నవానికి వీని యన్నిటికంటె బెంగ కలిగించునది, తన యభ్యర్థి యితడేయని పార్టీ వ్రాసియిచ్చు ‘బీ ఫారము’. 1968వ సంవత్సరపు గుర్తుల ఉత్తర్వుతో స్థిరమైన యీ కాగితము గడువుదినమున మూడుగంటలలోపల అందినగాని పార్టీ గుర్తు రాదు. చట్టమునందు పార్టీకి స్థాన మల్పముగ నున్న కాలమునుండి, పార్టీయే అభ్యర్థిని సృష్టించు కాలమునకు మనము వచ్చినది ఈ కాగితముమీదనే. 1956నాటి చట్టమునకు కావలసినది నియోజకవర్గపు వోట రొక్కని సంతకము. నేటి యభ్యర్థి రాజధానిలో వేచి వేచి తెచ్చుకొనునది నాయకుని సంతకము. ప్రతిపాదకుని గౌరవము ఇట్లు క్షీణించుట నా కెంతమాత్రము సమ్మతము కాదు.

ఒక్కడు ఎన్నిచోట్లనైనను నిలువగలిగిన దినములును ఉండెను. 1985లో నందమూరి తారకరామారావుగారు గుడివాడ, హిందూపురము, నల్లగొండ మూడింటను నిలిచి మూడింటను గెలిచి హిందూపురమును ఉంచుకొనిరి. రెంటికి మించరాదను నియమము 1996లో వచ్చినది.

ఆ 1996వ సంవత్సరమే ఈ చరిత్రకు మలుపు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిన జనులు, తమ మొఱ నెవరును వినకపోగా, లోకసభ స్థానమునకు గుంపులుగా నామినేషనులు వేసిరి. బరిలో 480 మంది నిలిచిరి. తమిళనాట మొడకురిచ్చి శాసనసభ స్థానమున రైతులు అదే త్రోవ త్రొక్కగా 1,033 మంది అభ్యర్థులైరి. బ్యాలెట్టు పత్రము పుస్తకరూపమున అచ్చువేయవలసివచ్చినది, పోలింగును వాయిదా వేయవలసివచ్చినది. వీరిలో గెలువవలెనని నిలిచినవారు బహుశః లేరు. అర్జీలు పెట్టి, ధర్నాలు చేసి, అలసి, కడకు రాజ్యాంగము తమకిచ్చిన ద్వారములలో తెఱచియున్న దానిని వెదకికొని వారందఱు అందులో ప్రవేశించిరి. ప్రభుత్వములు మాత్రము దీనిని జబ్బుగా చూచినవి. మందుగా చట్టమును సవరించినవి. శాసనసభ ధరావతు 250నుండి 5,000 రూపాయలకు పెరిగినది. గుర్తింపుపొందిన పార్టీ నిలుపనివానికి పదిమంది ప్రతిపాదకులు కావలసివచ్చిరి. పత్రముపై గుర్తింపుపొందిన పార్టీలవారు ముందును, స్వతంత్రులు చివరను నిలుచునట్లు అక్షరక్రమమునే మూడు వర్గములుగా చీల్చిరి. 2010నుండి ధరావతు 10,000 రూపాయలు. పోలైన చెల్లు వోట్లలో ఆఱవవంతు రానిచో ఆ సొమ్ము పోవును.

పదిమంది సంతకములు కోరుట నాకు సబబుగానే తోచును. ఊరిలో పదిమంది నమ్మనివానికి పోటీ యెందులకు? ధరావతు సంగతి వేఱు. అది 1918లో బ్రిటిషు పార్లమెంటు కనిపెట్టిన సాధనము, అగంభీరులను దూరముగా నుంచుటకు. అగంభీరుడైన ధనవంతుని అది ఆపజాలదు. గంభీరుడైన కూలివానిని ఆపగలదు. 2003లో సుప్రీముకోర్టు తీర్పుతో స్థిరపడిన ప్రమాణపత్రము దీనికంటె మేలైన కావలి: ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు, అన్నిటిని అభ్యర్థి స్వహస్తముతో వ్రాసియిచ్చిన పిదప, వానిని వోటరే తూచును, త్రోవ మూయనక్కఱలేదు.

సవరణలు జరిగిన ఇరువదిమూడేండ్లకు, 2019లో, పసుపునకు, ఎఱ్ఱజొన్నకు గిట్టుబాటుధర కావలెనని నిజామాబాదు రైతులు మరల లోకసభ స్థానమునకు నిలిచిరి. అప్పటికి లోకసభ ధరావతు 25,000 రూపాయలు, 1951నాటికి ఏబదిరెట్లు. ఒక్కొక్క రైతునకు పదిమంది ప్రతిపాదకులు కావలెను. అయినను బరిలో మిగిలినవారు 185 మంది, అందు 178 మంది రైతులే. ఎన్నికల సంఘమువారు ప్రతి పోలింగు కేంద్రమునందును పండ్రెండేసి యంత్రములను వరుసపెట్టి పోలింగు జరిపించిరి.