ముడతలన్నీ వయసువి కావు

ముఖం ముడతలు పడితే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాము. ఆ నేరమంతా వయసుది కాదని వైద్యులు గుర్తించి నూరేళ్లు దాటింది.

1894లో జర్మన్ చర్మవైద్యుడు పాల్ ఉన్నా, ఎండలో బతికే నావికుల ముఖాలపై, చేతులపై చర్మం మొరటుబారి క్యాన్సర్‌కు దారితీయడాన్ని వర్ణించాడు. 1896లో ఫ్రాన్సులో ద్యూబ్రోయ్, బోర్డో ద్రాక్షతోటల కూలీలలో అదే చూశాడు. కష్టజీవుల చర్మమే వైద్యానికి తొలి పాఠమైంది.

మీ ముంజేతిని, ఎండ సోకని భుజం లోపలి భాగంతో పోల్చి చూడండి. రెండింటి వయసూ ఒకటే.

అతినీలలోహిత కిరణాలు చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి. వాటిలో కొన్ని కిటికీ అద్దం గుండా కూడా వస్తాయి. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒక అమెరికన్‌కు, కిటికీ వైపున్న ఎడమ చెంపే ఎక్కువ ముడతలు పడిందని 2012లో ప్రచురితమైంది. పొగతాగేవారికి ముడతలు త్వరగా వస్తాయని 1971లో డానియెల్ చూపాడు.

నివారణకూ రుజువుంది. ఆస్ట్రేలియాలో 903 మందిపై జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. నాలుగున్నరేళ్లు రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారిలో చర్మపు ముదిమి 24 శాతం తక్కువ.

మన రైతు తలపాగా, అమ్మమ్మ గొడుగు ఈ పనే చేసేవి. పది నుంచి నాలుగు వరకు నీడపట్టున ఉండండి. పొగ మానండి. తెల్లబరుస్తాయని స్టెరాయిడ్ క్రీములు రాయకండి, చర్మం పలుచబడుతుంది. మానని పుండు కనిపిస్తే వెంటనే వైద్యుడికి చూపండి.