అమ్మకానికి లేని నీళ్లు

రామగుండంలో బొగ్గు నుంచి యూరియా తీసే ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది, 1999లో మూతపడింది. ఆ మధ్యకాలంలో అది నిండుగా నడిచిన రోజులు తక్కువ. ఎందుకని గోదావరిఖనిలో పాతవాళ్లను కదిపితే కరెంటు సరిగా ఉండేది కాదని కొందరు, బొగ్గులో బూడిద ఎక్కువని కొందరు, అసలు ఆ మిషన్లే మన బొగ్గుకు సరిపడలేదని కొందరు అంటారు. అందరి మాటలోనూ కొంత నిజముంది. ఇప్పుడు అదే చోట కొత్త ఫ్యాక్టరీ యూరియా చేస్తోంది గాని, బొగ్గుతో కాదు, పైపులో వచ్చే గ్యాసుతో.

ఆ పాత ఫ్యాక్టరీకి ఒడిశాలోని తాల్చేర్‌లో ఒక జోడీ ఉండేది. అదే బొగ్గు పద్ధతి, అదే సైజు, అవే రోగాలు. తేడా ఒక్కటే. తాల్చేర్ ఫ్యాక్టరీని ఆనుకుని కేంద్ర అణుశక్తి శాఖ ఒక భారజలం ప్లాంటు కట్టుకుంది. అమ్మోనియా కోసం తయారయ్యే హైడ్రోజన్ గ్యాసును తమ గొట్టాల గుండా ఒకసారి తిప్పుకుని, అందులో అతి తక్కువగా ఉండే డ్యుటీరియం అనే బరువు హైడ్రోజన్‌ను పట్టుకోవాలని ఆలోచన. బరోడా, తూత్తుకుడి, థాల్, హజీరాల్లో కూడా ఇలాగే ఎరువుల కంపెనీలను ఆసరా చేసుకున్నారు. తాల్చేర్‌లో ఎరువుల కంపెనీ మంచమెక్కడంతో, దాన్ని నమ్ముకున్న ప్లాంటుకూ పని లేకపోయింది.

అందుకే గోదావరి వెంట ఇంకా కిందికి, మణుగూరు దగ్గరి అశ్వాపురంలో కట్టిన ప్లాంటు గురించి చెప్పుకోవాలి. దానికి ఏ ఎరువుల కంపెనీతోనూ పని లేదు. నది నీళ్లు, సింగరేణి బొగ్గు, ఒక విషవాయువు ఉంటే చాలు. 1991లో మొదలైన ఆ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 185 టన్నుల భారజలం. చుట్టుపక్కల జనం ఆ పేరు వాడరు. ‘హెవీ వాటర్‌లో ఉద్యోగం’ అంటారు, అంతే. సింగరేణి ఉద్యోగం తర్వాత ఆ ప్రాంతంలో పిల్లనివ్వడానికి పనికొచ్చే ఉద్యోగం అదే.

అసలు ఈ నీళ్లు ఎందుకు? మామూలు నీటిలోని హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు ప్రతి 6,500కు ఒకటి రెట్టింపు బరువుంటుంది. దాన్ని 1931లో అమెరికా రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ కనిపెట్టాడు. 1934లో నోబెల్ వచ్చింది. ఆ బరువు హైడ్రోజన్‌తోనే తయారైన నీళ్లు మామూలు నీళ్లకన్నా పదో వంతు కంటే కాస్త ఎక్కువ బరువు. 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడతాయి. ఆ గడ్డ మంచినీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది. ఇదంతా లేబొరేటరీ వింత. అసలు సంగతి వేరే ఉంది. అణు రియాక్టరులో న్యూట్రాన్ల వేగం తగ్గించాలి, కాని వాటిని మింగెయ్యకూడదు. మామూలు నీళ్లు మింగేస్తాయి. భారజలం మింగదు. కాబట్టి అది చేతిలో ఉంటే యురేనియాన్ని సుసంపన్నం చేసే ఖరీదైన, రహస్యమైన విద్య తెలియకపోయినా, భూమిలోంచి తీసిన యురేనియంతోనే రియాక్టరు నడుపుకోవచ్చు. నడిపిన కొద్దీ అందులో ప్లుటోనియం తయారవుతుంది. ప్లుటోనియంతో కరెంటు చేసుకోవచ్చు, బాంబూ చేసుకోవచ్చు. నీళ్ల మీద ఇంత రాజకీయం నడవడానికి కారణం ఇదే.

ఆ రాజకీయం మొదట్లోనే మొదలైంది. 1940లో ప్రపంచంలో భారజలాన్ని చెప్పుకోదగ్గంత తయారుచేసే చోటు ఒక్కటే, నార్వేలోని వెమోర్క్. జర్మన్లు రాకముందే ఫ్రెంచివాళ్లు అక్కడున్న నిల్వ మొత్తాన్ని గుట్టుగా విమానమెక్కించారు. ఎంత? 185 కిలోలు. మణుగూరు ఏడాది లెక్కకు సరిగ్గా వెయ్యో వంతు. కాకతాళీయమే గాని గుర్తుండిపోయే అంకె. 1943 ఫిబ్రవరిలో నార్వే యువకులు మంచుకొండలు దాటి వచ్చి, జర్మన్ల చేతిలో పడ్డ ఆ ఫ్యాక్టరీని పేల్చారు.

వెమోర్క్‌లో నీటిని కరెంటుతో విడగొట్టేవారు. అంత కరెంటు అందరికీ ఎక్కడుంది? చవకైన దారిని అదే 1943లో ఇద్దరు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, కనిపెట్టారు. అమెరికాలో జెరోమ్ స్పీవాక్, జర్మనీలో కార్ల్ హెర్మాన్ గైబ్. గైబ్‌ను యుద్ధం ముగిశాక రష్యన్లు పట్టుకుపోయారు, అక్కడే పోయాడు. వాళ్ల కిటుకు ఇది: నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసునూ ఎదురెదురుగా పంపితే, చల్లగా 30 డిగ్రీల దగ్గర బరువు హైడ్రోజన్ నీటి వైపు మొగ్గుతుంది. 130 డిగ్రీల వేడిలో గ్యాసు వైపు ఎక్కువ పోతుంది. ఒక చల్లని టవరు, ఒక వేడి టవరు కలిపి గ్యాసును ఆపకుండా తిప్పుతుంటే, రెండింటి నడుమ బరువు హైడ్రోజన్ పోగవుతుంది. ఇలాంటి జంటలు వరుసగా పెట్టి చివర్లో వాక్యూమ్‌లో బట్టీ పెడితే 99.8 శాతం భారజలం. వినడానికి ఇంతే. నీటిలో ఉన్నదాంట్లో ఐదో వంతే చేతికొస్తుంది గనక ఒక టన్ను తీయడానికి సుమారు 30,000 టన్నుల నీళ్లు కావాలి. వాటిని వేడిచేయడానికి ఆవిరి, ఆవిరికి బొగ్గు. అందుకే మణుగూరు.

ఇక మన దేశం సంగతి. 1956లో కెనడా మనకొక రియాక్టరు ఇచ్చింది, అమెరికా దానిలోకి 21 టన్నుల భారజలం ఇచ్చింది. రెండు దేశాల పేర్లూ కలిసేలా ‘సైరస్’ అని పిలిచారు. 1960లో ట్రాంబేలో పనిచేయడం మొదలెట్టింది. శాంతియుత ప్రయోజనాలకే వాడతామని మనం రాసిచ్చాం. వాడుతున్నామో లేదో వచ్చి చూసే ఏర్పాటు ఆ కాగితాల్లో లేదు. ఎవరికీ అవసరమనిపించలేదు. లేదా, అడిగితే బేరం చెడుతుందని ఎవరూ అడగలేదు.

1974 మే 18న పోఖ్రాన్‌లో పేల్చిన దానిలోని ప్లుటోనియం సైరస్‌లో తయారైందే. అది బాంబు కాదు, శాంతియుత అణు విస్ఫోటనమని ఢిల్లీ ప్రకటించింది. వాషింగ్టన్ మరింత విచిత్రంగా, అందులో మా సరుకేమీ లేదని తమ పార్లమెంటుకు చెప్పింది. 1976లో సెనేటర్ ఎబ్రహాం రిబికాఫ్ పట్టుబట్టేసరికి అమెరికా భారజలం వాడి ఉండటానికే అవకాశాలెక్కువని ఒప్పుకుంది. మన వైపు నిజం బయటికి రావడానికి ఇంకో ఇరవయ్యేళ్లు పట్టింది. పేలుడు రోజున భాభా అణు పరిశోధన కేంద్రం డైరెక్టరుగా ఉన్న రాజా రామన్నే 1997లో, అది బాంబేనని, అంత శాంతియుతమైనదేమీ కాదని విలేకరులకు చెప్పారు. అప్పటికి ఆ పరీక్ష నడిపించిన ప్రధాని లేరు. తప్పని నిలదీసిన దేశాలకూ ఆ మాటతో పనిలేకపోయింది.

పేలుడు జరిగిన నాలుగు రోజులకే కెనడా సాయం ఆపేసింది. 1976లో పూర్తిగా తెంచుకుంది. రాజస్థాన్ రెండో రియాక్టరు సగంలో నిలబడింది. అణు సామగ్రి అమ్మే దేశాలు ఒక జట్టుగా ఏర్పడి షరతులు రాసుకున్నాయి. మన రకం రియాక్టరు ఒక్కటి మొదలెట్టాలంటే 200 టన్నులకు పైగా భారజలం కావాలి. అప్పటికి మన చేతిలో నడుస్తున్నది 1962 నాటి నంగల్ ప్లాంటు, ఏడాదికి 14 టన్నులు. 1977లో బరోడా ప్లాంటు మొదలైంది, ఆ ఏడాది చివరికే పేలుడు జరిగి మూతపడింది. సోవియట్ యూనియన్ కొంత అమ్మింది గాని తనిఖీలకు ఒప్పుకుంటేనే.

అలాంటిది 1983లో మద్రాసు దగ్గర కల్పాక్కం రియాక్టరు ఏ తనిఖీలూ లేకుండా మొదలైంది. మొత్తం స్వదేశీ అని చెప్పారు. లెక్కలు సరిపోవడం లేదే అని 1986లో అడిగినవాడు విస్కాన్సిన్‌లో న్యాయశాస్త్రం చెప్పే ఆచార్యుడు గ్యారీ మిల్‌హోలిన్. ఇన్ని ప్లాంట్లు ఆగి ఆగి నడుస్తుంటే ఇన్ని టన్నులు ఎక్కణ్నుంచి వచ్చాయని ఆయన ప్రశ్న. 1988లో నార్వే దర్యాప్తు చేసుకుంటే, 1983లో పశ్చిమ జర్మనీకని అమ్మిన 15 టన్నులు స్విట్జర్లాండ్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి బొంబాయి చేరాయని తేలింది. మధ్యలో ఒక జర్మన్ దళారి. ఢిల్లీ కాదంది. ఈ దేశంలో ఈ చర్చ పార్లమెంటులో మొదలుకాలేదు, తెలుగు పత్రికల్లో అసలే కాదు. భారజలం గురించి మనకు నిజం తెలిసిన ప్రతిసారీ చెప్పాల్సినవాళ్లు కాక ఇంకెవరో చెప్పారు: ఒకసారి అమెరికా సెనేటరు, ఒకసారి నార్వే పోలీసులు, ఒకసారి పదవి దిగిపోయిన పెద్దమనిషి.

ఇదంతా జరుగుతున్న ఏళ్లలోనే మణుగూరులో టవర్లు లేచాయి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి: ఆ ఇంజినీరింగు గొప్పది. ఎంత గొప్పదో తెలియాలంటే కెనడాలోని గ్లేస్ బే చూడాలి. అదీ బొగ్గు బాయిల ఊరే. బాయిలు మూతపడుతుంటే 1960లలో అక్కడి ప్రభుత్వం ఉద్యోగాల కోసమని భారజలం ప్లాంటు తెచ్చింది. కట్టే కంపెనీకి పెద్ద సాక్షాత్తూ జెరోమ్ స్పీవాక్, పద్ధతి కనిపెట్టినవాడు. సముద్రపు నీళ్లు వాడబోయారు. ఉప్పు పైపులను తినేసింది. ప్రభుత్వం దాన్ని తీసుకుని దాదాపు మళ్లీ కట్టింది, కొన్నేళ్లు నడిపింది, 1985లో మూసేసింది. కనిపెట్టినవాడికే లొంగని పద్ధతి అది. మనకు నేర్పేవాడు లేడు, స్పేర్‌పార్టు అమ్మేవాడు లేడు. ట్రాంబేలో పద్ధతి తేల్చుకుని, రాజస్థాన్‌లోని కోటా ప్లాంటులో తలనొప్పులన్నీ పడి, ఆ అనుభవంతో మణుగూరు కట్టారు. హైడ్రోజన్ సల్ఫైడ్ తడి తగిలితే ఉక్కును తొలుస్తుంది. ఎక్కడి ఉక్కు, ఎలాంటి వెల్డింగు, ఏ వాల్వు అన్నది ఎవరికివారు నేర్చుకోవాల్సిందే.

ఆ గ్యాసు సంగతి బాయి పని చేసినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కుళ్లిన గుడ్డు వాసన. కొంచెమైతే వాసనే హెచ్చరిక. మోతాదు పెరిగితే ముందు చచ్చేది వాసన పట్టే శక్తి. మనిషికి ఏమీ లేదనిపిస్తుంది, ఒకటి రెండు ఊపిర్లలో కూలిపోతాడు. గాలికన్నా బరువు గనక పల్లంలో నిలుస్తుంది. అందుకే ప్లాంటు చుట్టూ జనం లేని వలయం ఉంచుతారు, ఊళ్లలో డ్రిల్లులు చేయిస్తారు: సైరన్ వింటే పల్లానికి పోవద్దు, గాలి వీచే దిక్కున పరిగెత్తవద్దు, అడ్డంగా మెరకకు పొమ్మని.

ప్రభుత్వం దాచేవి రెండు రకాలు. ఎన్ని టన్నులు చేస్తోంది, ఎక్కడికి పంపుతోంది అన్నది ఒక రకం. 1962 అణుశక్తి చట్టం దానికి తలుపు వేసింది, తర్వాత వచ్చిన సమాచార హక్కు చట్టం కూడా ఆ తలుపును తెరవలేదు. శత్రు దేశం లెక్కలు కడుతుందన్న మాట కొంతవరకు వినదగ్గదే. కాని లోపల ఎంత విషవాయువు నిల్వ ఉంది, పోయిన డ్రిల్లులో ఏం తేలింది, ఎన్నిసార్లు లీకయింది అన్నది ఏ శత్రువుకూ పనికిరాదు. అశ్వాపురం మనిషికి పనికొస్తుంది. రెండింటినీ ఒకే బీరువాలో పెట్టి ఒకే తాళం వేయడం అలవాటైపోయింది. బొగ్గు వీళ్లది, నది వీళ్లది. లెక్క మాత్రం వీళ్లకు చెప్పరు. ఉద్యోగాలెన్ని, స్థానికులకెన్ని అన్న దగ్గరే ఇక్కడి వాదన కూడా ఆగిపోయింది. సింగరేణి ప్రాంతంలో ఏ ఫ్యాక్టరీ వచ్చినా జరిగేది అదే, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

2006 మార్చిలో అమెరికాతో ఒప్పందం కోసం మన ప్రభుత్వం అణు కేంద్రాలను పౌర, సైనిక భాగాలుగా విడదీసి చూపింది. భారజలం ప్లాంట్లలో థాల్, తూత్తుకుడి, హజీరాలను పౌర జాబితాలో చేర్చింది. మణుగూరు పేరు అందులో లేదు. 2008లో అణు సరఫరా దేశాల జట్టు మనకు మినహాయింపు ఇచ్చింది. ఆలోగా భారజలం కరువు పోయి మిగులు వచ్చింది. తాల్చేర్ ప్లాంటు ద్రావకాల తయారీకి మళ్లింది. మన భారజలం దక్షిణ కొరియాకు వెళ్లింది, అమెరికాకూ వెళ్లింది; మందుల తయారీలో, ఎలక్ట్రానిక్స్‌లో దానికిప్పుడు కొత్త గిరాకీ. మన చట్టం ప్రకారం అది నియంత్రిత పదార్థం కాబట్టి లైసెన్సు లేకుండా ఎగుమతి కాదు. దేనికి వాడతారో ముందుగా రాసిచ్చిన తర్వాతే కొనేవాళ్లకు అణుశక్తి శాఖ సరుకు వదులుతుంది.