ఆసుపత్రుల్లో శ్వాసకోశ వైరస్‌లు: మాస్కు తర్వాత చూడాల్సింది కిటికీని

2020 ఏప్రిల్‌లో రైల్వే శాఖ స్లీపర్ బోగీలను కోవిడ్ వార్డులుగా మార్చింది. దేశమంతటా 5 వేలకు పైగా సిద్ధమయ్యాయి. బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న ఆగ్నేయ మధ్య రైల్వే కూడా ఆ పని చేసింది. మధ్య బెర్తులు తీసేశారు, కిటికీలకు దోమతెరలు బిగించారు. ఏసీ బోగీల జోలికి మాత్రం వెళ్లలేదు. వాటిలో లోపలి గాలిలో ఎక్కువ భాగం మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఒకరు వదిలిన ఊపిరి పక్క క్యాబిన్‌కు చేరవచ్చు. ఎండాకాలంలో ఆ స్లీపర్ బోగీలు కొలిమిలా మారతాయన్న విమర్శ న్యాయమైనదే. గాలి విషయంలో నిర్ణయం మాత్రం సరైనది.

రైలుకూ అంటువ్యాధికీ ఉన్న సంబంధం ఇక్కడ పాతదే. 1918 ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి రేవు నుంచి రైలు మార్గాల వెంట లోపలికి పాకింది. బిలాస్‌పూర్ అప్పట్లో భాగంగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్ అత్యధిక మరణాలు చూసిన ప్రాంతాల్లో ఒకటి. 2003 వరకు బిలాస్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. ఇక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు కనిపించడానికి అదొక కారణం.

ఫ్లూ, కోవిడ్ వైరస్‌లు దగ్గు తుంపరలతోనే కాదు, మాట్లాడినా ఊపిరి వదిలినా వెలువడే సన్నని రేణువులతోనూ వ్యాపిస్తాయి. పెద్ద తుంపర, చిన్న రేణువు అంటూ 5 మైక్రాన్ల దగ్గర గీత గీసే పాత పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పక్కనపెట్టింది. చేతుల శుభ్రత అవసరమే, ముఖ్యంగా పసిపిల్లల్లో ఆర్‌ఎస్‌వీ వ్యాపించే చోట. అయితే గాలిలో తేలే వైరస్‌ను శానిటైజర్ ఆపలేదు.

అందుకే వార్డులో గాలి ఎంత మారుతోందన్నది అసలు ప్రశ్న. గంటకు 6 సార్లు గాలి మారే గదిలో 99 శాతం రేణువులు తొలగడానికి 46 నిమిషాలు పడుతుంది. 12 సార్లయితే 23 నిమిషాలు. కిటికీల మీదే ఆధారపడే వార్డులకు రోగికి సెకనుకు కనీసం 60 లీటర్ల తాజా గాలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పెరూలోని లిమాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలున్న పాత ఆసుపత్రి భవనాలు కొత్తవాటికంటే మెరుగ్గా గాలి ఆడేవని 2007లో తేలింది.

చిక్కల్లా ఎండలతోనే. మే నెలలో బిలాస్‌పూర్ 45 డిగ్రీల దరిదాపుల్లో ఉడుకుతుంది. కిటికీలు మూసి స్ప్లిట్ ఏసీ వేస్తే గది చల్లబడుతుంది, కానీ మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. మూసిన గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి. అది గాలిని బయటికి పంపాలి, నడవాలోకి కాదు. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచితే కరెంటు బిల్లు పెరుగుతుంది. ఆ ఖర్చును ఆసుపత్రి భరించాల్సిందే.

మిగతా జాగ్రత్తలు తెలిసినవే: దగ్గుతో వచ్చినవారికి ఓపీ గుమ్మంలోనే మాస్కు ఇచ్చి వేరే వరుసలో కూర్చోబెట్టడం, దగ్గరగా ఉండి చికిత్స చేసే సిబ్బందికి ఎన్‌95, ఏటా ఫ్లూ టీకా. వీటిలో తరచూ మరుగున పడేది జ్వరమొచ్చిన సిబ్బందికి సెలవు. రోజుకూలీ మీద పనిచేసే వార్డుబాయ్ జీతం కోతకు భయపడి దగ్గుతోనే డ్యూటీకి వస్తాడు.