బాట మూసుకుపోతే: మాలి దేశపు కాపరులు, రైతుల చరిత్ర మనకు చెప్పేది

'లదేణి' అన్న మాట వినని తాండా ఉండదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరూ తిరిగిన మన తాతల బతుకు అది. వాళ్లు నడిచిన బాటకు అటూ ఇటూ ఎవరో ఒకరి చేలే ఉండేవి. రైళ్లు వచ్చి ఆ బేరం పోయాక మనవాళ్లు పశువులు పెంచారు, ఆ తర్వాత చెలకలు దున్ని రైతులయ్యారు. మంద తోలేవాడి కష్టమూ, మేసిన చేను చూసిన రైతు కడుపుమంటా రెండూ మన ఇళ్లలోనే ఉన్నాయి. అందుకే ఈ సంచికలో మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పడమటి ఆఫ్రికా చరిత్ర ఒకటి చెప్పాలనుకున్నాం.

మాలి దేశం నడిమి భాగంలో మోప్తి ప్రాంతం ఉంది. అక్కడ నైజర్ నది పాయలుగా చీలి వరద కాలంలో విశాలంగా పరుచుకుంటుంది. నీరు తీశాక 'బుర్గు' అనే గడ్డి మిగులుతుంది. దానికోసం ఫులానీలు దూరాల నుంచి ఆవుల మందలు తోలుకొస్తారు. తూర్పున బాండియగరా కొండచరియ మీదా, దాని కింది మైదానంలోనూ డోగోన్ రైతులు సజ్జలు పండిస్తారు. కోతలయ్యాక ఫులానీ మంద డోగోన్ చేలో దిగేది. పశువుకు మేత, చేనుకు ఎరువు, కాపరికి సజ్జలు దక్కేవి. మన ఊళ్లలో చేలో గొర్రెల మంద కట్టించుకుని కాపరికి గింజలు కొలిచినట్టే. డోగోన్ రైతులు తమ సొంత ఆవులను కూడా ఫులానీలకే అప్పగించి మేపించేవారు.

అయితే ఇదంతా మంచితనం మీదే నడవలేదు. 1818లో షేకు అమదు అనే ఫులానీ మతపెద్ద 'దినా' అనే రాజ్యం స్థాపించాడు. హమ్దుల్లాహి దాని రాజధాని. ఏ మంద ఏ బాటన రావాలి, ఏ వరసలో గడ్డిలోకి దిగాలి, ఏ బీడు ఎవరి అజమాయిషీలో ఉండాలి అన్నవి ఆ రాజ్యం కట్టడి చేసింది. బీడు చూసుకునే పెద్దను 'జోరో' అనేవారు. ఆ రాజ్యం అందరికీ న్యాయం చేసిందని మేము అనడం లేదు. జోరోలు ఫులానీలే. బానిసల చేత సాగు చేయించుకోవడమూ ఉంది. కానీ బాట ఎక్కడుందో, తగవు వస్తే ఎవరి దగ్గరికి పోవాలో అందరికీ తెలుసు. 1862లో రాజ్యం కూలినా ఆ కట్టుబాట్లు చాలావరకు మిగిలాయి. ద్యాఫరబే దగ్గర మందలు నది దాటే రోజును నేటికీ పెద్దలు కూర్చుని, నీటిమట్టమూ పంటల కోతా చూసి ఖాయం చేస్తారు. ఆ పండుగను యునెస్కో 2005లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

మరి ఇది ఎక్కడ చెడింది? 1970లలో, 80లలో వచ్చిన కరువులకు మందలు మందలే చచ్చాయి. ఎందరో కాపరులు పరుల ఆవులకు జీతగాళ్లయ్యారు. గడ్డి బీళ్లు వరి మళ్లుగా మారాయి, బాటలు దున్నేశారు. జోరో మాట చెల్లక, అధికారుల దగ్గర న్యాయం దొరక్క తగవులు తెగకుండా మిగిలాయి. 2012లో ఉత్తరాన తిరుగుబాటు మొదలయ్యాక తుపాకులు వచ్చాయి. మతం పేరిట లేచిన సాయుధ దళంలో కొందరు ఫులానీ యువకులు చేరారు. దాంతో ఫులానీ అన్న ప్రతివాడూ అనుమానితుడే అయ్యాడు. డోగోన్ వేటగాళ్లు ఊళ్ల రక్షణకని దళాలు కట్టారు. దాంతో డోగోన్ అన్న ప్రతివాడూ శత్రువయ్యాడు.

2019 మార్చి 23న ఒగోసాగు అనే ఫులానీ ఊరిపై దాడి జరిగి 150 మందికి పైగా చనిపోయారు. ఆ జూన్‌లో సోబానే దా అనే డోగోన్ ఊళ్లో 35 మందిని చంపారు. వాళ్లలో 24 మంది పిల్లలు. ఆ పిల్లలు ఎవరి బాటకు అడ్డం పోయారు? ఎవరి చేను మేపారు?

ప్రభుత్వం వేటగాళ్ల దళాన్ని రద్దు చేస్తున్నామంది గాని తుపాకులు పోలేదు. కోరో ప్రాంతంలో 2018లోనూ, మళ్లీ 2021లోనూ రెండు తెగల పెద్దలు కూర్చుని ఒప్పందాలు రాసుకున్నారు. హంతకులకు శిక్ష పడని చోట అలాంటి కాగితం బలం తక్కువే. అయినా ఎదురెదురుగా కూర్చోవడానికి ఒప్పుకున్న ఆ పెద్దల ధైర్యం చిన్నది కాదు.

ఇక మన చరిత్రకు వద్దాం. 1871లో ఆంగ్లేయులు రెండు చట్టాలు తెచ్చారు. ఒకటి చేలో పడ్డ పశువుల చట్టం. పశువును బందెల దొడ్డిలో పెడతారు, జరిమానా కడితే విడిచిపెడతారు. రెండోది నేరస్థ జాతుల చట్టం. పుట్టుకే నేరమన్న ఆ చట్టం కింద ఎన్నోచోట్ల బంజారాలను కూడా చేర్చారు. చేను మేసిన ఎద్దుకు విడుదల ఉంది, ఆ ఎద్దు వెంట నడిచిన మనిషికి లేదు. 1952లో దాన్ని ఎత్తేసేదాకా అదే తీరు. ఒకడి తప్పును జాతికంతటికీ అంటగడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే మన యువతను మేము అడిగేది ఇది. ఎండాకాలం మన పత్తి చేలోకి ఎక్కడి నుంచో వచ్చిన గొర్రెల మంద దిగవచ్చు. మన ఎడ్లు పక్క ఊరి వరిలో పడవచ్చు. ఆ రోజే పెద్దలను తీసుకుని చేను దగ్గరికి పోండి. ఎంత నష్టమైందో ఇద్దరి ముందూ లెక్క కట్టించండి. ఎవరి మంద మేసిందో ఆ మనిషినే అడగండి, అతని కులాన్ని కాదు. 'వాళ్లంతా అంతే' అన్న మాట ఫోన్‌లో వస్తే మీ దగ్గరే ఆపేయండి. చేనుకు కంచె వేసేటప్పుడు పశువుల బాట వదలండి, ఊరి బంచరాయిని కాపాడండి.

మన తాతల ఎడ్లు వందల ఊళ్లు దాటగలిగాయంటే, వందల ఊళ్ల రైతులు బాట వదిలారు కాబట్టే. ఇప్పుడు చేను మనది. వదలాల్సిన వంతూ మనదే.