జిద్దా నుంచి వచ్చిన డబ్బా

అబ్బా జిద్దా నుంచి రెండేళ్లకోసారి వచ్చేవారు. సూట్‌కేసులో అత్తరు, జానమాజ్‌ల పక్కన పసుపు రంగు నీడో డబ్బా ఉండాల్సిందే. పిల్లలం పొడిని చెంచాలతో నోట్లో వేసుకుంటే అది అంగిలికి అతుక్కుపోయేది. దాదీమా మాత్రం మొహం తిప్పుకునేవారు. "యే దూద్ నక్కో, చూనా హై యే!" అనేవారు. సున్నమట!

ఆమె కోపానికి కారణం ఉంది. ఈద్‌కి గులాబ్‌జామూన్ చేయాలంటే ఐదు లీటర్ల గేదె పాలు పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా గంటల తరబడి కలిపేవారు. చివరికి మిగిలేది కిలో ఖోయా. ఉర్దూలో ఖోయా అంటే 'పోగొట్టుకున్నది' అని కూడా అర్థం. పాలు నీళ్లను పోగొట్టుకుంటాయి, కలిపేవాళ్లు భుజాన్ని పోగొట్టుకుంటారు.

పాలపొడి కూడా నీళ్లు పోయిన పాలే. ఈ హునర్ కొత్తదేమీ కాదు. మంగోల్ సైనికులు ఎండబెట్టిన పాలను వెంట తీసుకెళ్లేవారని, తోలుసంచిలో నీళ్లతో వేసుకుంటే గుర్రం కుదుపులకే కలిసిపోయేవని మార్కోపోలో రాశాడు.

నాకు నచ్చిన ఘట్టం మాత్రం గుజరాత్‌లోని ఆనంద్‌ది. చలికాలంలో అక్కడ గేదెలు విపరీతంగా పాలిచ్చేవి. బొంబాయి అన్నీ కొనేది కాదు. మిగిలిన పాలు రైతు మెడకు చుట్టుకునేవి. పొడి చేద్దామంటే, ఆవు పాలతోనే అవుతుంది, గేదె పాలతో కాదని విదేశీ నిపుణులు తేల్చేశారు. కురియన్ సహచరుడు హెచ్.ఎం. దలాయా ఆ మాట వినలేదు. పాలను మరిగించి చిక్కబరిచి, వేడి గాలిలోకి సన్నని తుంపరగా చిమ్మితే నీరు ఆవిరై పొడి రాలుతుంది. ఆ పద్ధతిని ఆయన గేదె పాలతో సాధించి చూపించారు. యూనిసెఫ్ మదద్ కూడా అందింది. 1955 అక్టోబర్ 31న నెహ్రూ ఆ ఫ్యాక్టరీని ప్రారంభించారు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనప్పుడు యూరప్ నుంచి 1,26,000 టన్నుల పాలపొడి ఉచితంగా వచ్చింది. దాన్ని ఖైరాత్‌గా పంచి చేతులు దులుపుకోలేదు. నగరాల్లో పాలుగా మార్చి అమ్మి, ఆ డబ్బుతో డెయిరీలు కట్టారు. నా దృష్టిలో అసలు అక్లమందీ అదే.

ఇదంతా చదివేనాటికి దాదీమా లేరు. గేదె పాల ఇజ్జత్ నిలబెట్టిన దలాయా కథ చెబితే ఆమె పొడిని కాస్త మాఫ్ చేసేవారేమో.

అమ్మీ పొడితో మొదటిసారి చేసిన జామూన్లు రాళ్లలా వచ్చాయి. చపాతీ పిండిలా గట్టిగా పిసికారు మరి! పొడి తేమను పీల్చేసుకుంటుంది. మైదా, నెయ్యి, చిటికెడు సోడా కలిపి, పాలు చల్లుతూ వేళ్లతో దగ్గరకు తీస్తే చాలు. మంట పెద్దదైతే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. ఆ కిటుకు చెప్పింది దాదీమానే. కాకపోతే తను మాత్రం తినలేదు.

ఖాళీ డబ్బాను మాత్రం ఆమె వదల్లేదు. అందులో పాన్‌దాన్ సామాను పెట్టుకున్నారు, చూనాతో సహా.