మూడు గీతల వెనక

ఇప్పుడు ఫోనులో ఏ పత్రిక తెరిచినా పైన ఓ మూలగా మూడు అడ్డగీతలు కనిపిస్తాయి. వాటిని తాకితే పక్కనుంచి ఒక పట్టీ జారుకుంటూ వస్తుంది: సంపాదకీయం, కథలు, వ్యాసాలు, పాత సంచికలు. ఇంగ్లీషువాళ్ళకి ఆ బొమ్మలో హాంబర్గర్ కనిపించింది. పేరు పెట్టే పని మనకి అప్పజెప్పి ఉంటే విభూతి పట్టెలు అనేవాళ్ళమేమో. చాలా ఏళ్ళుగా వెబ్‌సైట్లు కట్టడమే నా బతుకుతెరువు. ఒకప్పుడు ఎడమపక్క నిలబడి కనిపించే ఆ పట్టీ చాటుకి ఎందుకు వెళ్ళిందో, దానివల్ల చదివేవాళ్ళకి ఏం పోయిందో మొదటినుంచి చెప్పుకోవాలని నా కోరిక.

ఆ గీతలు వెబ్ కన్నా పాతవి. 1981లో జెరాక్స్ కంపెనీ స్టార్ అనే కంప్యూటర్ని అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్కటి 16 వేల డాలర్ల పైమాటే. దాని తెరమీద బొమ్మలు గీసినవాడు నార్మ్ కాక్స్. ఇక్కడ నొక్కితే ఒక జాబితా వస్తుందని చెప్పే గుర్తు కావాలి. చోటేమో నిండా 20 చుక్కల వెడల్పు కూడా లేదు. జాబితా ఎలా ఉంటుందో అలాగే, ఒకదాని కింద ఒకటి మూడు గీతలు గీశాడు. స్టార్ వ్యాపారంగా నిలబడలేదు. గీతలకి మంచిరోజులు రావడానికి మరో 30 ఏళ్ళు పట్టింది.

వెబ్‌లో పక్కపట్టీకి మొదటి ఇల్లు ఫ్రేములు. 1996లో నెట్‌స్కేప్ 2.0 వాటిని తెచ్చింది. తెరని రెండుగా చీల్చి, ఎడమన మెనూ, కుడిన పేజీ. కుడివైపు ఎన్ని పేజీలు మారినా ఎడమది కదలదు. హాయిగానే ఉండేది గానీ, పైన చిరునామా మారేది కాదు. నచ్చిన వ్యాసాన్ని స్నేహితుడికి పంపుదామంటే మొదటి పేజీ చిరునామానే వెళ్ళేది. సెర్చ్ ఇంజిన్ ద్వారా వచ్చినవాడికి మెనూ లేని ఒంటరి పేజీ దొరికేది. అదే ఏడాది డిసెంబరులో జేకబ్ నీల్సన్ ఫ్రేముల్ని ఏకిపారేస్తూ వ్యాసం రాశాడు.

తర్వాత టేబుళ్ళు. అంకెలు పేర్చడానికి పుట్టిన గడుల్లో మెనూలని కూర్చోబెట్టాం. ఆ తర్వాత సీఎస్ఎస్ వచ్చినా, అందులో పక్కపట్టీ కోసమంటూ ఏమీ లేదు. బొమ్మ చుట్టూ అక్షరాలు ఒదగడానికి పెట్టిన ఫ్లోట్‌నే వాడుకున్నాం. వ్యాసం పొడుగ్గా ఉంటే పట్టీ రంగు మధ్యలోనే ఆగిపోయేది. 2004లో డాన్ సీడర్‌హోమ్ ఓ చిట్కా చెప్పాడు: పట్టీకి రంగు వెయ్యకండి, వెనక గోడకి వెయ్యండి, పట్టీయే కిందిదాకా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంతోమంది ఏళ్ళ తరబడి ఆ చిట్కాతోనే నెట్టుకొచ్చారు. గ్రిడ్ అనే అసలైన పరిష్కారం ముఖ్యమైన బ్రౌజర్లలోకి వచ్చింది 2017లో.

ఈలోపు తెరే చిన్నదైపోయింది. 2007లో వచ్చిన ఐఫోన్ వెడల్పు 320 పిక్సెళ్ళు. దాని బ్రౌజరు తనకి 980 పిక్సెళ్ళున్నట్టు నటించి, పేజీ మొత్తాన్ని కుదించి చూపించేది. ఫోనుకి వేరే సైటు కట్టడం కొన్నాళ్ళు నడిచింది. 2010 మే 25న ఈథన్ మార్కాట్ అదేం అక్కర్లేదన్నాడు. కొలతలు శాతాల్లో పెట్టండి, బొమ్మల్ని సాగనివ్వండి, తెర వెడల్పు అడిగి తెలుసుకుని అమరిక మార్చండి. ఒకే సైటు ఏ తెరకి తగ్గట్టు ఆ తెరకి ఒదుగుతుంది.

మరి ఒదిగినప్పుడు పక్కపట్టీ ఎక్కడికి పోవాలి? వ్యాసం పైన పెడితే వ్యాసం కనబడదు, కింద పెడితే పట్టీ కనబడదు. ఫేస్‌బుక్ ఫోన్ యాప్ వంటివి చూపించిన దారి మూడోది: తెర బయట దాచెయ్యడం. పని చిన్నదే. వెడల్పు, ఉదాహరణకి, 768 పిక్సెళ్ళకి తగ్గితే పట్టీని దాని వెడల్పంతా ఎడమకి నెట్టమని చెప్తాం. గీతలు నొక్కితే వెనక్కి రమ్మంటాం. తిరకాసేమిటంటే, బయటికి నెట్టినంత మాత్రాన పట్టీ మాయమైపోదు. కళ్ళు కనిపించని పాఠకుడు ట్యాబ్ మీట నొక్కుకుంటూ వస్తుంటే, దాచిన లింకులన్నీ ఒక్కొక్కటే అతని చెవిన పడతాయి. మూసినప్పుడు వాటిని నిజంగానే మూసెయ్యాలి.

దాచినదాన్ని జనం వెతుక్కుంటారా? ఫేస్‌బుక్ 2013లో, స్పాటిఫై 2016లో ఐఫోన్ యాప్‌లలో ఆ పట్టీని వదిలి, ముఖ్యమైన నాలుగైదు గుర్తుల్ని తెర అడుగున బయటపెట్టాయి. 2016లోనే నీల్సన్ సంస్థ పరీక్ష చేసి, దాచిన మెనూని జనం తక్కువగా వాడతారని, పెద్ద తెరమీద మరీ తక్కువని తేల్చింది.

పాటల యాప్‌కి రోజూ వచ్చేవాడు గీతల వెనక ఏముందో ఎప్పటికో నేర్చుకుంటాడు. సాహిత్య పత్రిక సంగతి వేరు. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు పట్టుకుని ఒక్క వ్యాసానికి వచ్చి, చదివి, వెళ్ళిపోతాడు. ఆ వ్యాసం వెనక ఏళ్ళ తరబడి సంచికలున్నాయని అతనికి ఎలా తెలుస్తుంది? ఎడమన పట్టీ ఉన్న రోజుల్లో, లోపలికి వెళ్ళకపోయినా, గ్రంథాలయంలో బీరువాల వరుస కనిపించినట్టు సంవత్సరాల వరుస కనిపించేది. చిన్నతెర చోటుతో పాటు ఆ చూపునీ తీసుకుపోయింది.

తెలుగుకి ఇంకో చిక్కు. మన మాటలు పొడుగు, వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లీషు అక్షరాల కోసం గీసిన పట్టీలో ‘రచయితల సూచిక’ రెండు వరుసలవుతుంది, వత్తులున్న మాటలైతే వరుసల ఎడం చాలక కింది వత్తు తరవాతి మాటకి తగులుతుంది. అందుకే పట్టీ వెడల్పుని పిక్సెళ్ళలో కాక అక్షరం సైజుని బట్టి పెడతాను, వరుసల ఎడం పెంచుతాను. చదివేవారు అక్షరాల్ని పెద్దవి చేసుకుంటే పట్టీ కూడా పెరుగుతుంది.

మూడు గీతల మీద నాకు పగేం లేదు. పెద్ద జాబితాకి అంతకన్నా పొదుపైన చోటు దొరకదు. కానీ ఈ మధ్య ఏ పత్రికకి పనిచేసినా ఒకటి అడుగుతున్నాను: గీతల పక్కనే ‘మెనూ’ అన్న మాటని అక్షరాల్లో రాయనివ్వండి, వ్యాసం ముగిసిన చోట ‘పాత సంచికలు’ అన్న లింకుని బయటే ఉంచండి. చదవడం పూర్తయిన మనిషి తరవాతేమిటా అని చూసేది అక్కడే.